కాలేజీ పోల్‌వాల్ట్ పోటీ నిర్వహణ: బాక్సు నుంచి స్కోర్‌షీటు దాకా

ఇంటర్ కాలేజియేట్ మీట్‌లో వంద మీటర్ల పరుగుకు ఒక స్టార్టరు, నాలుగు స్టాప్‌వాచీలు ఉంటే పని నడిచిపోతుంది. పోల్‌వాల్ట్ అలా కాదు. ఏడాదికోసారి స్టోర్‌రూమ్ దాటి బయటికొచ్చే, బార్‌ను మోసే స్టాండ్లు, ఎండకూ వానకూ నానిన మ్యాట్, పోల్ మొన నాటే, మట్టి నిండిన బాక్సు, విద్యార్థులు బస్సు పైన కట్టుకుని తెచ్చిన పోల్స్ అన్నీ ఒక్క పూటలో ఒకదానికొకటి కుదరాలి. కుదరనిది ఏదైనా ఉంటే మొదటి ఎత్తులో కనపడదు. మెడల్ తేలే ఎత్తు దగ్గర బయటపడుతుంది. అప్పటికి దిద్దుకునే వీలుండదు. అందుకే కింద చెప్పిన పనుల్లో సగానికి పైగా మొదటి జంప్‌కు ముందు చేయాల్సినవే.

కొలతలన్నీ అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య అయిన వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం ఇచ్చాం. ఆ పుస్తకంలో సవరణలు వస్తుంటాయి కాబట్టి మీట్‌కు ముందు తాజా ప్రతి ఒకటి ముద్రించి చీఫ్ జడ్జి చేతిలో పెట్టండి. వాదన వచ్చినప్పుడు ఫోన్‌లో వెతుక్కోవడం బాగుండదు.

ముందు రోజు: మ్యాట్

మ్యాట్‌తోనే మొదలుపెట్టండి. అది పనికిరాకపోతే మిగతావేవీ చూడనక్కర్లేదు. జీరో లైను (బాక్సు వెనక అంచు దగ్గరి గీత) నుంచి వెనక్కి కనీసం 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉండాలి. బాక్సుకు అటూ ఇటూ ముందుకు పొడుచుకొచ్చే ముక్కలను ఈ 5 మీటర్లలో కలపకూడదు. పెద్ద పోటీలకైతే 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు, ముందు ముక్కలు కనీసం 2 మీటర్లు కావాలి. ముందు ముక్కలకూ బాక్సుకూ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల సందు ఉంటుంది. బాక్సు వైపు అంచు సుమారు 45 డిగ్రీల వాలుతో వెనక్కి ఒరగాలి.

కొలతలు సరిపోయినా స్పాంజి చచ్చిపోయి ఉండొచ్చు. డెబ్బై కిలోల మనిషిని స్టూలు మీద నుంచి మ్యాట్ మధ్యలోనూ, ప్రతి రెండు ముక్కలు కలిసే చోటా మోకాళ్ల మీద పడమనండి. మోకాలికి నేల తెలిసిందంటే ఆ ముక్క పని అయిపోయినట్టే. అతుకుల దగ్గర ముక్కలు విడిపోతుంటే లారీ సామాన్లు కట్టే బెల్టులతో చుట్టూ బిగించి, పైన ఒకే కవరు పరచండి. హైజంప్ మ్యాట్లు రెండు పక్కపక్కన వేసి పని కానిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోకండి. రెండింటి మధ్య గీత సరిగ్గా వాల్టర్ పడే దారిలో ఉంటుంది, బాక్సు చుట్టూ ఏమీ ఉండదు. మ్యాట్ లేనప్పుడు ఈవెంట్ రద్దు చేయడమే సరైన పని. ఆ మాట ముందు రోజు సాయంత్రమే చెప్తే పిల్లలకు ప్రయాణం తప్పుతుంది.

అన్నిటికంటే ప్రమాదమైన చోటు మ్యాట్ వెనక అంచు కాదు, బాక్సే. 2002 ఫిబ్రవరిలో మినియాపోలిస్‌లో జరిగిన అమెరికా యూనివర్సిటీల బిగ్ టెన్ ఇండోర్ పోటీల్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి కెవిన్ డేర్ తలకిందులుగా బాక్సులో పడి చనిపోయాడు. బాక్సు గోడలను కప్పే కాలర్ ప్యాడ్లకు అమెరికాలో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఎఫ్2949 అనే ప్రమాణం కూడా వచ్చింది. మన కాలేజీల్లో ఆ కాలర్ చాలా అరుదు. దొరికితే వాడండి. దొరక్కపోతే కనీసం ముందు ముక్కలు బాక్సుకు 15 సెంటీమీటర్లకు మించి దూరం జరగకుండా కట్టండి. ఒక్కో వాల్టర్ పడ్డప్పుడల్లా మ్యాట్ వెనక్కి జారుతుంది. పది జంప్‌లు అయ్యేసరికి 15 సెంటీమీటర్ల సందు 30 అవుతుంది. బాక్సు దగ్గర నిలబడే జడ్జికి ఈ సందు చూడటం ఒక డ్యూటీగా రాసివ్వండి.

బాక్సు

మూత తీసి మట్టి, ఆకులు, నీళ్లు ఎత్తేసి చీపురుతో ఊడ్చి తడిగుడ్డతో తుడవండి. ఆ తర్వాత కొలవండి. లోపలి అడుగు పొడవు 1 మీటరు, ముందు వెడల్పు 60 సెంటీమీటర్లు, వెనక పలక అడుగున 15 సెంటీమీటర్లు, లోతు 20 సెంటీమీటర్లు. అడుగుకూ వెనక పలకకూ మధ్య కోణం 105 డిగ్రీలు.

కొలత కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మూడున్నాయి. అడుగు రేకు తుప్పుపట్టి చిల్లుపడితే పోల్ మొన జారాల్సిన చోట పట్టుకుంటుంది, వాల్టర్ భుజం గుంజుకుపోతుంది. ఆ చిల్లు మీద రేకు అతికించి స్క్రూ తలలు లోపలికి దిగేలా బిగించాలి, పైకి వస్తే మళ్లీ అదే సమస్య. రెండోది వెనక పలక వదులు కావడం. మడమతో గట్టిగా తన్ని చూడండి. గుల్ల శబ్దం వస్తే కింద కాంక్రీటు వదిలిందని అర్థం, పోల్ వంగాల్సిన శక్తి కొంత అక్కడే పోతుంది. మూడోది అంచు. బాక్సు పై అంచు రన్‌వేతో, అంటే వాల్టర్ పరుగెత్తే దారితో, సమంగా ఉండాలి. పైకి ఉంటే కాలు తన్నుకుంటుంది. కిందికి ఉంటే రన్‌వే అంచుకు పోల్ మొన తగులుతుంది, పోల్ అడుగుభాగంలో గాట్లు పడేది చాలావరకు ఇక్కడే.

బాక్సు వెనక పలక పై భాగపు లోపలి అంచే జీరో లైను. రన్‌వేకు అడ్డంగా 10 మిల్లీమీటర్ల వెడల్పున, కొట్టొచ్చినట్టు కనపడే రంగుతో గీయండి. అదే గీత మ్యాట్ కవరు మీద 50 మిల్లీమీటర్ల దాకా వెడల్పుతో రెండు స్టాండ్ల అవతలి దాకా సాగాలి. కవరు జరిగితే గీత కూడా జరుగుతుందని మర్చిపోకండి.

రన్‌వే

పొడవు కనీసం 40 మీటర్లు, వీలైతే 45. వెడల్పు 1.22 మీటర్లు. పక్కన నేల మీద జీరో లైను నుంచి 2.5 మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా ప్రతి అరమీటరుకూ, అక్కడినుంచి 18 మీటర్ల దాకా ప్రతి మీటరుకూ దూరం గుర్తులు పెట్టండి. కోచ్‌లు టేపులు పట్టుకుని రన్‌వే మీద తిరగడం సగానికి సగం తగ్గుతుంది. సింథటిక్ అయితే బూటు స్పైక్ 9 మిల్లీమీటర్లకు మించకూడదు. రెండు వైపులా బాక్సులున్న గ్రౌండ్‌లో ఆ పూట గాలి వెనక నుంచి వచ్చే దిక్కును ఎంచుకోండి, సాయంత్రం పోటీ అయితే సూర్యుడు కళ్లలో పడతాడేమో కూడా చూడండి. ఎదురుగాలిలో వాల్టర్ మ్యాట్ దాకా చేరకుండా బాక్సు మీదే నిలిచిపోయే అవకాశం పెరుగుతుంది. రన్‌వే పక్కన గాలి దిక్కు చూపే సంచీ ఒకటి ఉండాలి. లేకపోతే కర్రకు పలచని గుడ్డ కట్టండి.

స్టాండ్లు, దూరం స్కేలు

కాలేజీ మీట్‌లలో ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి, కాబట్టి ఓపిగ్గా చదవండి.

వాల్టర్ అడిగినట్టు బార్‌ను జీరో లైను నుంచి 80 సెంటీమీటర్ల దాకా మ్యాట్ వైపు జరపొచ్చు. రన్‌వే వైపు జరపడానికి వీల్లేదు. ఇక్కడ కొలవాల్సింది స్టాండు ఎక్కడుందో కాదు, బార్‌కు వాల్టర్ వైపున్న అంచు ఎక్కడుందో. చాలా స్టాండ్ల మీద స్కేలును ఎవరో ఎప్పుడో స్తంభం మధ్యగీతను చూసి అతికించి ఉంటారు. బార్ ఆనే చిన్న ఊచ, అంటే పెగ్గు, మ్యాట్ వైపు పొడుచుకు ఉంటుంది కాబట్టి స్కేలు 60 చూపిస్తుంటే బార్ 65 దగ్గర ఉండొచ్చు. ఇలా సరిచూడండి:

1. రెండు స్టాండ్లనూ స్కేలు మీద 0 దగ్గర పెట్టి బార్ ఎక్కించండి.
2. మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు తాడును బార్ ముందు అంచు నుంచి ఎడమ చివర, మధ్య, కుడి చివర వదలండి.
3. మూడు చోట్లా గుండు జీరో లైను మీద నిలవాలి. మూడూ ఒకే దూరం తప్పితే స్కేలును జరిపి అతికించండి. ఒక చివర మాత్రమే తప్పితే ఆ పక్క స్టాండు జరిగే పట్టా వంకరగా ఉంది, దాన్ని జరపండి.
4. 40 దగ్గర, 80 దగ్గర మళ్లీ అదే చేయండి.

0 నుంచి 80 దాకా అంకెలు మ్యాట్ వైపు పెరుగుతున్నాయో లేదో చూడండి. స్టాండ్లు కుడి ఎడమలు మారితే స్కేలు తిరగబడుతుంది, ఈ తప్పు అనుకున్నంత అరుదు కాదు.

పెగ్గులు మ్యాట్ వైపు చూడాలి. అప్పుడే వాల్టరో పోలో తగిలితే బార్ మ్యాట్ మీదకి పడుతుంది. పెగ్గు మందం 13 మిల్లీమీటర్లకు మించకూడదు, పొడవు 55కి మించకూడదు, నున్నగా ఉండాలి, గాడి ఉండకూడదు. ఏళ్ల తరబడి బార్ రాసుకుని పెగ్గు మీద గాడి పడితే అందులో కూర్చున్న బార్ మామూలుగా పడాల్సిన తాకిడికి పడదు. ఎమరీ కాగితంతో రుద్దినా గాడి పోకపోతే పెగ్గు మార్చండి. రెండు పెగ్గుల మధ్య దూరం 4.28 నుంచి 4.37 మీటర్లు. స్టాండ్ల అడుగు ఇనుముకు, మ్యాట్ మీదికి వచ్చే స్తంభం కింది భాగానికి ప్యాడ్లు చుట్టడం తప్పనిసరి.

ఎత్తు పెంచే హ్యాండిల్, పిన్ను, బోల్టు జారుతున్నాయేమో చూడటానికి 4 మీటర్ల దగ్గర బిగించి, స్తంభాన్ని కుదిపి పది నిమిషాలు వదిలేసి మళ్లీ కొలవండి. ఒక పక్క సెంటీమీటరు జారినా ఆ బోల్టు మీద నమ్మకం వదులుకుని, కింద ఒక క్లాంపు అదనంగా బిగించండి.

క్రాస్‌బార్

పోల్‌వాల్ట్ బార్ 4.50 మీటర్లు, హైజంప్ బార్ 4 మీటర్లు. రెండోది ఈ పెగ్గుల మీదికి అందదు. అందట్లేదని స్టాండ్లను దగ్గరికి జరిపేవాళ్లున్నారు. అలా చేస్తే ఇనుప స్తంభాలు వాల్టర్‌కు చేరువవుతాయి, అదెంతమాత్రం చేయకూడని పని. బార్ బరువు 2.25 కిలోలకు మించకూడదు. పెగ్గుల మీద పెట్టినప్పుడు మధ్యలో వంపు 30 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మధ్యలో 3 కిలోల బరువు వేలాడదీస్తే 110 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. తూచిన బియ్యం సంచీ దీనికి చక్కగా సరిపోతుంది. చివరి ముక్కలకు రబ్బరు తొడుగులు, టేపు, జిగురు ఏవీ ఉండకూడదు.

బార్ ఒక చివర పెయింటుతో గుర్తు పెట్టండి. ప్రతిసారీ ఆ చివర అదే స్టాండు మీద, అదే ముఖం పైకి ఉండాలి. బార్ కొద్దిగా వంకరగా ఉంటే తిప్పి పెట్టినప్పుడల్లా ఎత్తు మారుతుంది. ఒక వాల్టర్ 3.80 దూకితే పక్కవాడు 3.82 దూకాల్సి వస్తుంది. కనీసం రెండు బార్లు ఉంచుకోండి, రెంటినీ ముందే కొలిచి పెట్టండి. ఎత్తుకు ఎత్తడానికి చివర చీలిక ఉన్న పొడవాటి కర్రలు రెండు కావాలి. వెదురు కర్రకు పైన వీ ఆకారంలో ఇనుప కమ్మీ బిగిస్తే చాలు.

ఎత్తు కొలవడం

ఎత్తును నేల నుంచి బార్ పై అంచు అతి కిందికి ఉన్న చోటికి, అంటే దాదాపుగా మధ్యలో, నిటారుగా, పూర్తి సెంటీమీటర్లలో కొలవాలి. స్టాండు మీద ఉన్న ఎత్తు స్కేలు ఈ సంగతి చెప్పదు. అది పెగ్గు ఎంత ఎత్తులో ఉందో చెప్తుంది, అదీ స్టాండు కాళ్లున్న నేల నుంచి. స్టాండు సిమెంటు దిమ్మె మీద ఉండి ఆ దిమ్మె రన్‌వే కంటే 5 సెంటీమీటర్లు ఎత్తుంటే స్కేలు తక్కువ చూపిస్తుంది. పల్లంలో ఉంటే ఎక్కువ చూపిస్తుంది.

అందుకని రన్‌వే మట్టం నుంచి కొలవండి. మధ్యలో మ్యాట్ అడ్డుగా ఉంటుంది కాబట్టి జీరో దగ్గర బార్ పెట్టి బాక్సు అంచు నుంచి కొలబద్దతో కొలిచి, అదే సమయంలో స్కేలు అంకె రాసుకోండి. స్కేలు 3.00 చూపిస్తుంటే అసలు ఎత్తు 2.96 అయితే తేడా 4 సెంటీమీటర్లు. ఇక ఆ రోజంతా 3.60 కావాలంటే స్కేలు మీద 3.64 పెట్టాలి. స్టాండ్లు 80కి జరిపితే అక్కడి నేల మట్టం వేరుగా ఉండి తేడా మారవచ్చు. 0, 40, 80 మూడు చోట్లా తేడా రాసి స్టాండుకు అతికించండి. 1 సెంటీమీటరు కంటే ఎక్కువ మారుతుంటే స్టాండు కింద చెక్క ముక్కలు పెట్టి సమం చేయండి. పోటీలో కొత్త ఎత్తు పెట్టిన ప్రతిసారీ, బార్ విరిగి మార్చినప్పుడూ మళ్లీ కొలత తప్పదు.

ఎవరెవరు ఎక్కడ

ఏడుగురు లేనిదే ఈ ఈవెంట్ సాఫీగా నడవదు. చీఫ్ జడ్జి జీరో లైనుకు సూటిగా, రన్‌వేకు పక్కన నిలబడాలి. దాటితే ఎత్తే తెల్లజెండా, తప్పితే ఎత్తే ఎర్రజెండా ఆయన దగ్గరే ఉంటాయి. రెండు స్టాండ్ల దగ్గర ఒక్కొక్కరు, బార్ ఎత్తేదీ పోల్ పట్టుకునేదీ వీళ్లే. బాక్సు దగ్గర ఒకరు, గడియారం దగ్గర ఒకరు, రికార్డరు ఒకరు, పేర్లు పిలిచి తర్వాతి ఇద్దరినీ సిద్ధం చేసేవారు ఒకరు. రికార్డరుగా అక్షరం స్పష్టంగా రాసే మనిషిని, అందులోనూ ఎవరితోనూ కబుర్లు పెట్టుకోని మనిషిని ఎంచుకోండి. నిజానికి చీఫ్ జడ్జి కంటే రికార్డరు తప్పులే ఫలితాన్ని ఎక్కువగా తారుమారు చేస్తాయి.

పోల్స్ తనిఖీ

పోల్ ఏ పదార్థంతోనైనా, ఎంత పొడవైనా, ఎంత మందమైనా ఉండొచ్చు. ఫైబర్‌గ్లాసు, కార్బన్, వెదురు అన్నీ చెల్లుతాయి. 1942లో కార్నీలియస్ వార్మర్‌డామ్ 4.77 మీటర్ల ప్రపంచ రికార్డు దూకింది వెదురు పోల్‌తోనే. కాబట్టి ఊరి నుంచి వెదురు బొంగు తెచ్చుకున్న కుర్రాణ్ని పోల్ చూసి వెనక్కి పంపకండి, పగుళ్లున్నాయేమో మాత్రం చూడండి. పైన పట్టుకునే చోట టేపు చుట్టుకోవచ్చు. అయితే అది ఒకే మందంగా ఉండాలి. చేయి జారకుండా ఆనుకోవడానికి కడియంలా ఎత్తు చేస్తే ఒప్పుకోవద్దు. సైకిల్ ట్యూబు ముక్క తొడిగి తెస్తే విప్పించండి. కింది చివర పోల్ దెబ్బతినకుండా టేపు, తగిన తొడుగు ఉండొచ్చు.

దెబ్బతిన్న పోల్‌ను గుర్తుపట్టడానికి దాన్ని వెలుతురులో మెల్లగా తిప్పుతూ వేళ్లతో కింది నుంచి పైదాకా తడమండి. అడ్డంగా పడ్డ గాటు, స్పైక్ గుచ్చుకున్న గుంట, ఫైబర్ లోపల తెల్లగా మచ్చ, చివర దగ్గర నిలువు పగులు. ఇవన్నీ విరిగే పోల్ లక్షణాలు. లోతు లేని గీతల గురించి కంగారు పడక్కర్లేదు. గోరు పట్టుకునేంత లోతైన అడ్డగాటు ఉంటే ఆ పోల్‌ను పక్కన పెట్టమని కోచ్‌కు చెప్పి, వివాదాలు తేల్చే రిఫరీకి తెలియజేయండి. పోల్‌ను నేల మీద పడేస్తే పక్కవాడి స్పైక్ కింద పడుతుంది. అందుకే గుర్రపు బల్లలు రెండు వేసి, వాటి మీద దుప్పటి పరిచి పోల్స్ వరుసగా పెట్టించండి, నీడ ఉన్న చోట.

పోల్ మీద 14 అడుగులు, 165 పౌండ్లు అని రాసి ఉంటే పొడవు 4.27 మీటర్లు, సుమారు 75 కిలోల వాల్టర్‌కు తయారుచేసింది అని అర్థం. పక్కన ఉండే ఫ్లెక్స్ అంకె పోల్‌కు నిర్ణీత బరువు వేలాడదీసినప్పుడు ఎంత వంగిందో చెప్తుంది. అంకె తగ్గేకొద్దీ పోల్ గట్టిది. రెండు కంపెనీల ఫ్లెక్స్ అంకెలను పోల్చి చూడటంలో అర్థం లేదు, కొలిచే తీరు వేరు. వాల్టర్ బరువు పోల్ బరువు కంటే తక్కువగానో సమానంగానో ఉండాలని అమెరికా హైస్కూళ్లలో నిబంధన ఉంది. వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల్లో అలాంటిది లేదు, కాబట్టి ఆ కారణంగా ఎవరినీ ఆపే అధికారం మీకు లేదు. 80 కిలోల కుర్రాడు 140 పౌండ్ల పోల్ పట్టుకుని వస్తే మాత్రం కోచ్‌ను పిలిచి మాట్లాడండి.

ఎవరి పోల్ వారిదే. యజమాని ఒప్పుకోకుండా ఇంకొకరు వాడకూడదు. మన దగ్గర ఒకే పోల్‌తో ముగ్గురు దూకడం మామూలే, తప్పేమీ కాదు. కానీ ఆ ఒప్పుకోలు ముందే రాయించుకోండి. లేకపోతే పోల్ విరిగాక ఖరీదు ఎవరివ్వాలన్న పంచాయితీ మీ టేబులు దగ్గరికే వస్తుంది. ప్రతి పోల్‌కు ఛెస్ట్ నంబరు రాసిన టేపు అంటించి ఎన్ని పోల్సో నమోదు చేయండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ మహిళల ఫైనల్లో బ్రెజిల్ వాల్టర్ ఫాబియానా మురేర్ పోల్ ఒకటి నిర్వాహకుల దగ్గరే కనపడకుండా పోయింది. ఆమె పోటీ అక్కడితో చెడింది. ఒలింపిక్స్‌లోనే అలా అయితే మన గ్రౌండ్ సంగతి వేరే చెప్పాలా.

వార్మప్, పిలుపు

బార్ బదులు సాగే తాడు కట్టి వార్మప్ చేయించండి. పన్నెండు మంది ఉంటే 45 నిమిషాలు కావాలి. మొదలుపెట్టే ముందు ప్రతి వాల్టర్‌నూ రెండు ప్రశ్నలు అడగండి: ఏ ఎత్తు నుంచి మొదలుపెడతావు, స్టాండు ఎంతకు పెట్టాలి. జవాబు రాసుకుని పైకి చదివి వినిపించండి. పోటీ మొదలయ్యాక రన్‌వే మీద ప్రాక్టీసు చేయనివ్వకూడదు.

ఎత్తుల పట్టిక ముందే ప్రకటించాలి. బలహీనమైన వాల్టర్ కూడా ఒక్క ఎత్తయినా దాటేలా మొదటిది పెట్టండి. పెంపు 5 సెంటీమీటర్ల కంటే తగ్గకూడదు. ఒకసారి పెంపు తగ్గించాక మళ్లీ పెంచకూడదు: 3.40, 3.60, 3.70, 3.80, 3.85, 3.90 సరైన వరుస. 3.80 తర్వాత 3.85, ఆ వెంటనే 3.95 అంటే తప్పు. ఒక్కరే మిగిలాక ఎత్తు వారిష్టం. పన్నెండు మంది తలా ఏడు ప్రయత్నాలు చేస్తే 84, ఒక్కోదానికి రెండు నిమిషాలు చూసుకున్నా మూడు గంటలకు కాస్త తక్కువ. గంటన్నరలో ముగించాలన్న షెడ్యూలు వేసిన వారికి ఈ లెక్క చూపించండి.

గడియారం

ముగ్గురి కంటే ఎక్కువ మంది మిగిలి ఉంటే 1 నిమిషం, ఇద్దరు లేదా ముగ్గురైతే 2 నిమిషాలు, ఒక్కరే అయితే 5 నిమిషాలు, ఒకే వాల్టర్ వెంటవెంటనే దూకాల్సి వస్తే 3 నిమిషాలు. పోటీలోకి దిగే మొదటి ప్రయత్నానికి ఎవరికైనా 1 నిమిషమే. పేరు పిలిచినప్పటి నుంచి లెక్క కాదు. వాల్టర్ ముందు అడిగిన చోట స్టాండు, బార్ సిద్ధమయ్యాక గడియారం మొదలవుతుంది. స్టాండు మార్చాలంటే పెట్టకముందే చెప్పాలి. పెట్టాక మార్చమంటే మార్చండి కానీ గడియారం నడుస్తూనే ఉంటుంది. చివరి 15 సెకన్లకు పసుపు జెండా ఎత్తి ఉంచండి. సమయం అయిపోయేలోపు పరుగు మొదలుపెట్టేశాడంటే ఆ ప్రయత్నం చెల్లుతుంది.

జెండా ఎత్తే ముందు

ఎర్రజెండా ఎత్తాల్సిన సందర్భాలు తక్కువే. వాల్టర్ చేసిన పని వల్ల బార్ రెండు పెగ్గుల మీదా నిలవకపోవడం. బార్ దాటకుండానే ఒంటితో గానీ పోల్‌తో గానీ జీరో లైను మీద నిటారుగా ఊహించుకునే తలానికి అవతల నేలనో మ్యాట్‌నో తాకడం. గాలిలోకి లేచాక కింది చేతిని పై చేతి మీదికి తేవడం, లేదా పై చేతిని ఇంకా పైకి జరపడం. బార్‌ను చేత్తో ఆపడం లేదా తిరిగి పెట్టడం.

ఎర్రజెండా ఎత్తకూడని చోట ఎత్తే సందర్భాలే ఎక్కువ. పోల్ బార్ కిందుగా మ్యాట్ వైపు వెళ్లిపోయిందని పాత జడ్జీలు ఇప్పటికీ తప్పు రాస్తారు. బార్ నిలిచి ఉంటే అది తప్పు కాదు. రన్‌వే తెల్లగీతల బయట పరుగెత్తడం తప్పు కాదు. పోల్‌ను బాక్సులో సరిగ్గా నాటాక అది వంగి మ్యాట్‌ను తాకడం తప్పు కాదు. పరుగెత్తి వచ్చి నాటకుండా ఆగిపోవడమూ తప్పు కాదు, తలం దాటకపోతే వెనక్కి వెళ్లి సమయంలోపు మళ్లీ రావచ్చు. చీఫ్ జడ్జిని జీరో లైనుకు సూటిగా నిలబెట్టమన్నది ఇందుకే. రెండడుగులు పక్కకి నిలబడితే తలం తాకాడో లేదో చెప్పలేరు.

దాటాక బార్ ఊగుతుంటే తొందరపడి తెల్లజెండా ఎత్తకండి, ఊగడం ఆగనివ్వండి. వాల్టర్ తాకకుండా దాటాక గాలికి బార్ పడితే దాటినట్టే. దాటకముందే గాలికో, స్టాండు క్లాంపు జారో పడితే కొత్త ప్రయత్నం ఇవ్వాలి. క్లాంపు జారిందా, వాల్టర్ తగిలాడా అన్న అనుమానం వస్తే వెంటనే పెగ్గు ఎత్తు కొలవండి. అది దిగి ఉంటే జవాబు దొరికినట్టే.

వదిలేసిన పోల్‌ను పట్టుకునేవారికి ఒక్కటే సూత్రం నేర్పండి: బార్‌కు, స్టాండ్లకు దూరంగా పడుతున్న పోల్‌నే ముట్టుకోవాలి. బార్ వైపు వస్తున్న పోల్‌ను ఆపితే, ఆపకపోతే బార్ పడేదని రిఫరీ భావించినప్పుడు ఆ ప్రయత్నం తప్పవుతుంది. పాపం మంచి మనసుతో చేయి చాచిన వలంటీరు వల్ల వాల్టర్ నష్టపోతాడు.

మీరే స్టాండు 70 అడిగితే 60 పెట్టారనుకోండి. వాల్టర్ బార్ తగిలించుకుని దిగాక అది బయటపడితే రిఫరీ బదులు ప్రయత్నం ఇవ్వొచ్చు. ఇది అసలు రాకుండా ఉండాలంటే స్టాండు జడ్జి పెట్టిన అంకెను గట్టిగా అరిచి చెప్పాలి, రికార్డరు టిక్కు పెట్టాలి. 

పోల్ విరిగితే

పోల్ విరగడం వాల్టర్ తప్పుగా లెక్కలోకి రాదు. బదులు ప్రయత్నం ఇవ్వాలి. 2012 లండన్ ఒలింపిక్స్ క్వాలిఫయింగ్‌లో క్యూబా వాల్టర్ లాసారో బోర్హెస్ పోల్ గాలిలోనే ముక్కలైనా అతను లేచి మళ్లీ దూకాడు. మీ గ్రౌండ్‌లో అలా జరిగితే ముందు మనిషిని చూడండి: అరచేతుల్లో ఫైబర్ ముళ్లు, మణికట్టు, వీపు. తల లేదా మెడ తగిలిందన్న అనుమానం ఉంటే కదిలించకుండా అంబులెన్సు పిలవండి. తర్వాత రన్‌వే, బాక్సు, మ్యాట్ మీద ముక్కలన్నీ ఏరించి తడిగుడ్డతో తుడిపించాలి, సన్నటి ఫైబర్ పొట్టు కళ్లకు కనపడదు. ఆ పోల్ ఇతరులతో పంచుకున్నదైతే మిగతావారికి వేరే పోల్ చూసుకునే వ్యవధి ఇవ్వాలా అన్నది రిఫరీ తేల్చాలి.

స్కోర్‌షీటు, టై

దాటితే O, తప్పితే X, వదిలేస్తే గీత. ఒక ఎత్తులో ఒకసారి తప్పి మిగతా రెండు ప్రయత్నాలూ పై ఎత్తుకు దాచుకోవచ్చు. ఎత్తులు మారినా వరుసగా మూడు తప్పితే పోటీ ముగిసినట్టు. రికార్డర్లు తడబడేది ఇక్కడే: 3.70లో X గీత, 3.80లో XX అంటే అవుట్.

ముగ్గురు 3.80 దాటి 3.90లో ఆగారనుకుందాం.

మొదటివాడు: 3.60 O, 3.70 XO, 3.80 O
రెండోవాడు: 3.60 O, 3.70 గీత, 3.80 XO
మూడోవాడు: 3.60 XO, 3.70 O, 3.80 XO

ముందు చివరగా దాటిన ఎత్తులో తప్పులు చూడాలి: మొదటివాడికి సున్నా, అతనికే మొదటి స్థానం. మిగతా ఇద్దరికీ చెరొకటి. అప్పుడు మొదటి నుంచి 3.80 దాకా మొత్తం తప్పులు చూడాలి: రెండోవాడికి 1, మూడోవాడికి 2. 3.90లో పడ్డ తప్పులను ఈ మొత్తంలో కలపకూడదు, చాలామంది కలిపేస్తారు. అయినా మొదటి స్థానం తేలకపోతే విజేతను తేల్చే అదనపు జంప్‌లు, అంటే జంప్ ఆఫ్, పెట్టొచ్చు, అందులో బార్‌ను 5 సెంటీమీటర్ల చొప్పున పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. మిగతా స్థానాలకు జంప్ ఆఫ్ లేదు, ఇద్దరికీ అదే ర్యాంకు.

అభ్యంతరం వస్తే

ఎర్రజెండా ఎత్తగానే వాల్టర్ అక్కడికక్కడే నోటిమాటగా అభ్యంతరం చెప్తే, రిఫరీ అతన్ని అభ్యంతరం కింద దూకనివ్వొచ్చు. ఆ ప్రయత్నాలన్నిటికీ పక్కన గుర్తు పెట్టండి, తర్వాత తీర్పును బట్టి ఉంచడమో కొట్టేయడమో. ఫలితంపై రాతపూర్వక అభ్యంతరానికి ప్రకటన తర్వాత 30 నిమిషాలు గడువు. అందుకే ఫలితం ప్రకటించిన సమయాన్ని షీటు మీదే రాయండి. ఎవరైనా వీడియో తీసి ఉంటే జీరో లైనుకు సూటిగా తీసిందో కాదో చూడండి, పక్కకోణంలో తీసింది తలం గురించి ఏమీ తేల్చదు.

పోటీ అయ్యాక బాక్సు మూత వేసి స్క్రూలు బిగించండి. బార్లను గోడకు ఆనించి పెడితే నెలలో వంగిపోతాయి, మూడు చోట్ల ఆధారం ఇచ్చి నేలకు సమాంతరంగా పెట్టండి. మ్యాట్ కింద చెక్కలు పేర్చి గాలి తగలనివ్వండి. ఆ రోజు తేలిన ఎత్తు తేడాను, 0, 40, 80 దగ్గర ఎంతెంతో, తేదీతో సహా స్టాండు మీదే పెయింటుతో రాయించండి. వచ్చే ఏడు ఆ స్టాండ్లు ముందు పట్టుకునేది మీరు కాకపోవచ్చు.